ప్రోగ్రాముల కరణం

మెయిన్‌ఫ్రేమ్ మీద పని చేస్తానని చెప్తే మా మైలవరంలో రెండు రకాల స్పందనలు వస్తాయి. నా ఈడు వాళ్ళేమో "అదింకా బతికే వుందా?" అంటారు. నాకంటే ఇరవయ్యేళ్ళు పెద్దవాళ్ళు మాత్రం "ఓ, అమీర్‌పేట కోర్సా!" అని కాస్త గౌరవంగా చూస్తారు. ఈ రెండో బాపతు వాళ్ళ చుట్టాల్లో ఎవరో ఒకరు ఆ కోర్సు పుణ్యమా అని అమెరికా వెళ్ళే వుంటారు మరి.

ఈ టపా కోబాల్ గురించి కాదు లెండి. కోబాల్ ప్రోగ్రాము నడుస్తున్నంతసేపూ పక్కనే కూర్చుని, అది ఎంత సీపీయూ తిన్నదీ, ఎన్నిసార్లు డిస్కు దగ్గరికి పోయిందీ, ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగిసిందీ రాసుకునే ఒక లెక్కల పుస్తకం గురించి. దాని పేరు ఎస్‌ఎంఎఫ్, అంటే సిస్టమ్ మేనేజ్‌మెంట్ ఫెసిలిటీస్. ఏళ్ళ తరబడి మెయిన్‌ఫ్రేమ్ మీద పని చేసి, ఇందులో ఒక్క రికార్డు కూడా కళ్ళతో చూడని మనవాళ్ళు నాకు చాలామంది తెలుసు. అలా ఎందుకు జరిగిందో, అది ఎందుకు పట్టించుకోవాల్సిన సంగతో చెప్పాలని ఈ ప్రయత్నం.

మొదట్నుంచీ వద్దాం. 1961లో బొంబాయిలోని ఎస్సో కంపెనీకి ఐబీఎం 1401 వచ్చింది. తర్వాత 1960ల్లో రైల్వేల్లోకీ అవే మిషన్లు వచ్చాయి. వాటి మీద ఒకసారికి ఒకే ప్రోగ్రాము నడిచేది. కాబట్టి లెక్క చాలా తేలిక. ఆపరేటరు గోడ గడియారం చూసి "జీతాల పని, 10 గంటల నుంచి 11:20 దాకా" అని పుస్తకంలో రాసుకుంటే సరిపోయేది. ఆ గంటా ఇరవై నిమిషాలూ మిషను మొత్తం జీతాల విభాగానిదే. వాళ్ళ ప్రోగ్రాము టేపు తిరిగేదాకా ఖాళీగా ఎదురుచూసినా సరే, ఖర్చు వాళ్ళ ఖాతాలోకే.

అప్పట్లో ఐబీఎం మిషన్లు ఎక్కువగా అద్దెకే ఇచ్చేది. నెల అద్దెలో మామూలుగా 176 గంటల వాడకం కలిసి వుండేది. రోజుకి 8 గంటల చొప్పున 22 పనిదినాలు అన్నమాట. 1964 ఏప్రిల్ 7న ప్రకటించిన సిస్టమ్/360 మిషన్ల కన్సోల్ మీద నిజంగానే మీటర్లు వుండేవి, మన ఇంటి కరెంటు మీటర్లలాగా! ఒకటి కస్టమరు వాడకానికి, ఒకటి రిపేరు చేసే ఐబీఎం ఇంజనీరు వాడకానికి. ఏ మీటరు తిరగాలో ఇంజనీరు తాళంచెవితో మార్చేవాడు. అంటే కంప్యూటరు పనితీరు లెక్కలకి మూలపురుషుడు బిల్లు. "ప్రోగ్రాము వేగంగా నడుస్తోందా?" అన్న ప్రశ్న తర్వాతెప్పుడో వచ్చింది. ముందు వచ్చింది "డబ్బెవరు కట్టాలి?" అన్నది.

సిస్టమ్/360తో పాటు వచ్చిన ఓఎస్/360లో మల్టీప్రోగ్రామింగ్ మొదలయ్యేసరికి గోడ గడియారం పనికిరాకుండా పోయింది. జీతాల ప్రోగ్రాము టేపు కోసం ఆగినప్పుడు సీపీయూ స్టాకు ప్రోగ్రాముకి పోతుంది. అది డిస్కు కోసం ఆగితే మూడోదానికి. రెండు ప్రోగ్రాములూ పది గంటలకే మొదలై పదకొండుకే ముగిసినా, ఒకటి యాభై నిమిషాల సీపీయూ తిని, రెండోది రెండు నిమిషాలే వాడి వుండొచ్చు. ఒకే మోటారు కింద నలుగురు రైతులు వంతులవారీగా నీళ్ళు పెట్టుకున్నట్టు. ఎవరి మడికి ఎంత పారిందో ఒడ్డున నిలబడ్డవాడికి తెలీదు. గేటు తిప్పేవాడికే తెలుస్తుంది.

ఆ గేటు తిప్పేది ఆపరేటింగ్ సిస్టమే కాబట్టి లెక్క రాసే పనీ దానికే అప్పగించారు. 1960ల చివర్లో ఎస్‌ఎంఎఫ్ అలా పుట్టింది. పద్ధతి చూస్తే సింపులే. ఒక పనికి సీపీయూ ఇచ్చేటప్పుడు గడియారం చూడు, తీసుకునేటప్పుడు మళ్ళీ చూడు, తేడాని ఆ పని ఖాతాలో కలుపు. స్టెప్పు అయిపోగానే మొత్తం ఒక రికార్డుగా రాసెయ్. ప్రతి రికార్డుకీ ఒక రకం నంబరుంటుంది. మొదట్లో స్టెప్పు ముగింపుకి 4, జాబు ముగింపుకి 5 వుండేవి. తర్వాత వీటన్నిటినీ కలిపి టైప్ 30 అని ఒకటి తెచ్చారు, ఈరోజుకీ అదే రాజు. సీపీయూ కాలం సెకనులో వందో వంతు దాకా అందులో పడుతుంది.

ఇక్కడ నాకు మా తాతయ్య చెప్పే కరణం కబుర్లు గుర్తొస్తాయి. 1984 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం రద్దు చేసేదాకా ప్రతి వూళ్ళోనూ కరణం వుండేవాడు. ఏ సర్వే నంబరులో ఎవరు సాగు చేశారు, ఏం పంట వేశారు, నీళ్ళు సర్కారు కాలవవా సొంత బావివా అని ప్రతి ఫసలీకీ అడంగల్లో రాసేవాడు. నీటి తీరువా ఆ రాత మీదే పడేది. రైతుకి ఆ పుస్తకం మీద కోపమూ, భయమూ రెండూ వుండేవి. కానీ గట్టు తగాదా వచ్చినా, "ఈ చేను నువ్వు దున్నలేదు" అని ఎవడన్నా అడ్డం తిరిగినా, రైతుని కాపాడేది కూడా ఆ పుస్తకమే. "కరణం రాసిందే రాత రా, చదవడం వచ్చినోడికి అది కత్తి, రానోడికి అది మెడ మీద కత్తి" అనేవాడు తాతయ్య. నా దృష్టిలో ఎస్‌ఎంఎఫ్‌కి ఇంతకంటే మంచి పరిచయం లేదు.

బిల్లు కోసం మొదలైన పుస్తకంలో ఇంకో విషయం కూడా దొరుకుతుందని జనం త్వరగానే కనిపెట్టారు. నిన్నటిదాకా నాలుగు నిమిషాలు తిన్న ప్రోగ్రాము ఇవాళ తొమ్మిది తిన్నదంటే ఏదో జరిగింది. అంటే బిల్లు పుస్తకమే జబ్బు చీటీ కూడా. 1974లో ఎంవీఎస్ వచ్చాక ఇది పెద్ద విద్యే అయ్యింది. 1970ల మధ్యలో ఆర్‌ఎంఎఫ్ వచ్చి మిషను మొత్తం మీద నిఘా మొదలెట్టింది. అది మామూలుగా సెకనుకోసారి తొంగి చూసి, పావుగంటకో అరగంటకో ఒక నివేదిక రాస్తుంది. టైప్ 70 నుంచి 79 దాకా రికార్డులు దానివే. 1980ల్లో బ్యారీ మెరిల్ అనే ఆయన ఈ రికార్డులన్నిటినీ సాస్‌తో చదివే ఎంఎక్స్‌జీ అనే సరంజామా తయారుచేసి అమ్మాడు. ఈ లెక్కలు చదివే వృత్తిలో వున్నవాళ్ళకి ఆ పేరు బాగా తెలుసు.

అయితే ఎస్‌ఎంఎఫ్ "ఈ స్టెప్పు ఇంత తిన్నది" అనే చెప్తుంది, ఏ లైను దగ్గర తిన్నదో చెప్పదు. దానికి వేరే దారి కావాలి. 1971లో డొనాల్డ్ నూత్ ఫోర్‌ట్రాన్ ప్రోగ్రాముల మీద ఒక పరిశీలన ప్రచురించాడు. ప్రోగ్రాములో 4 శాతం కంటే తక్కువ భాగమే సగానికి పైగా సమయాన్ని తినేస్తుందని అందులో తేల్చాడు. ఆ 4 శాతాన్ని వెతికిపెట్టడానికే స్ట్రోబ్ లాంటి పనిముట్లు వచ్చాయి. నడుస్తున్న ప్రోగ్రామును క్షణానికి కొన్నిసార్లు ఆపి "ఇప్పుడు ఎక్కడున్నావ్?" అని అడిగి, చివర్లో ఏ కోబాల్ వాక్యం దగ్గర ఎక్కువసార్లు దొరికిందో లెక్క చెప్తాయి. ప్రోగ్రామార్ట్ అనే కంపెనీ తయారుచేసిన ఈ స్ట్రోబ్ 1999లో కాంప్యూవేర్ చేతికి, 2020లో బీఎంసీ చేతికి పోయింది. యజమానులు మారినా పని మాత్రం అదే.

సరే, ఇదంతా జరుగుతున్నప్పుడు మనమెక్కడున్నాం? అసలు కథ ఇక్కడుంది.

మనకి దగ్గర్లో 1973లో ఐఐటీ మద్రాసుకి ఐబీఎం 370/155 వచ్చింది. హైదరాబాదులో 1967లో పెట్టిన ఈసీఐఎల్ సొంతంగా టీడీసీ మిషన్లు తయారుచేసేది. 1978లో ఐబీఎం మన దేశం నుంచి వెళ్ళిపోయింది. అప్పటికే దేశంలో వున్న దాని మిషన్ల బాగోగులు ప్రభుత్వ సంస్థ సీఎంసీ తీసుకుంది. తర్వాత అదే సీఎంసీ 1985లో ఢిల్లీలో రైల్వే రిజర్వేషన్‌ని కంప్యూటర్ మీదకి తెచ్చింది. ఆ వ్యవస్థ పెద్ద కేంద్రాల్లో సికింద్రాబాదు ఒకటి. మా బెజవాడ జనం టిక్కెట్లు ఎక్కింది దాని మీదే. కానీ అవి డిజిటల్ కంపెనీ వాక్స్ మిషన్లు, ఆపరేటింగ్ సిస్టమ్ వీఎంఎస్. అందులో కూడా 'మానిటర్', 'ఎకౌంటింగ్' అని ఇలాంటి ఏర్పాట్లే వున్నాయి. విద్య ఒకటే, బడి వేరు.

కాబట్టి ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్ ప్రపంచంలో ఈ లెక్కలు చదివే విద్య పెరిగి పెద్దదైన కాలం, అంటే 1974 నుంచి 1990 దాకా, మనవాళ్ళలో చాలా కొద్దిమందికే ఆ మిషన్లతో పరిచయం. మనం మూకుమ్మడిగా ఆ ఇంట్లోకి అడుగుపెట్టింది 1990ల్లో, వైటూకే పుణ్యమా అని. 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. మా మైలవరంలో ఇంజనీరింగ్ కాలేజీ వచ్చిందీ అదే ఏడాది. అమీర్‌పేటలో మెయిన్‌ఫ్రేమ్ కోర్సులకి జనం కిటకిటలాడుతున్న రోజులవి. కోబాల్, జేసీఎల్, వీశామ్, సీఐసీఎస్, డీబీటూ. ఈ అయిదూ వస్తే చాలు. ఎస్‌ఎంఎఫ్ ఆ జాబితాలో లేదు. ఎందుకుంటుంది? వైటూకే పని ప్రోగ్రాములో తేదీలు వెతికి దిద్దడం. లెక్కల పుస్తకం అక్కడి సిస్టమ్ ప్రోగ్రామర్ల దగ్గర, బీరువాలో భద్రంగా వుంటుంది. మనల్ని పిలిచింది పొలం పనికి, కరణీకానికి కాదు.

తమాషా ఏంటంటే వైటూకే సమస్య ఆ పుస్తకానికీ వచ్చింది. ఎస్‌ఎంఎఫ్ రికార్డులో తేదీకి నాలుగు బైట్లు. సంవత్సరానికి రెండంకెలు, రోజుకి మూడంకెలు, ముందు రెండు సున్నాలు ఖాళీగా. ఆ సున్నాల్లో రెండోదాన్ని శతాబ్దానికి కేటాయించారు. 1900లైతే 0, 2000లైతే 1. దాంతో పాత రికార్డులు ఒక్కటి కూడా మార్చక్కర్లేకుండానే అర్థం మారకుండా నిలబడ్డాయి, కొత్తవి 0100001 అంటూ 2000 జనవరి 1లోకి హాయిగా నడిచొచ్చాయి. లక్షల లైన్ల కోబాల్లో మనవాళ్ళు రాత్రింబగళ్ళు కూర్చుని చేసిన పని ఇక్కడ ఒక్క అంకెతో అయిపోయింది. ఫసలీ లెక్కలో 2024 జులైని 1434 అని రాసుకునే రెవెన్యూ వాళ్ళకి ఇలాంటి గొడవలు అసలే లేవనుకోండి :)

వైటూకే అయిపోయింది, పని మాత్రం అయిపోలేదు. పాత ప్రోగ్రాముల మెయింటెనెన్సు మొత్తం మెల్లగా మన చేతికే వచ్చింది. సరిగ్గా అదే సమయంలో బిల్లు పద్ధతి కూడా మారింది. 2000లో జెడ్900 మిషను, 2001లో జెడ్/ఓఎస్ వచ్చాక ఐబీఎం సబ్-కెపాసిటీ ధరలు పెట్టింది. మిషను ఎంత పెద్దదైనా సరే, సాఫ్ట్‌వేర్ నెల అద్దె వాడకాన్ని బట్టి. వాడకం కొలత ఎలాగంటే, గడిచిన నాలుగు గంటల సగటుని ఎప్పటికప్పుడు లెక్కవేస్తూ పోతారు. నెల మొత్తంలో ఆ సగటు ఎక్కడ అన్నిటికంటే ఎత్తుకి వెళ్ళిందో అదే ఆ నెల బిల్లుకి ఆధారం. లెక్క వచ్చేది ఎక్కడ్నుంచి? ఎస్‌ఎంఎఫ్ టైప్ 70, టైప్ 89 రికార్డుల నుంచే. ఈ పద్ధతి వద్దనుకునేవాళ్ళకి 2019లో ఐబీఎం టైలర్డ్ ఫిట్ ప్రైసింగ్ అని ఇంకో దారి కూడా చూపించింది. కానీ అంతకుముందు రెండు దశాబ్దాల్లో మెయిన్‌ఫ్రేమ్ షాపుల్లో జరిగిన పంచాయితీల్లో చాలావాటికి మూలం ఈ నాలుగు గంటల సగటే.

దీని అర్థం గమనించారా? ఒకే ప్రోగ్రాము, ఒకే సీపీయూ. అక్కడి రాత్రి రెండింటికి (మనకి మధ్యాహ్నం భోజనాల వేళ) నడిస్తే బిల్లు మీద దాని ప్రభావం సున్నా కావచ్చు. అక్కడి ఉదయం పదకొండుకి, అందరూ పనిలో వున్నప్పుడు నడిస్తే మొత్తం నెల బిల్లునే పైకి లేపొచ్చు. కోడ్ ఎంత బాగా రాశామన్నదే కాదు, ఏ వేళకి నడిపామన్నది కూడా డబ్బే. ఈ సంగతి తెలియకుండా ప్రోగ్రాము రాసేవాడు తీరువా రేటు తెలియకుండా వరి వేసిన రైతు లాంటోడు.

నా అనుభవం ఒకటి చెప్తాను. నేను పనిచేసిన ఒక ప్రాజెక్టులో ఒక నెల బిల్లు పెరిగింది. అవతలి వైపు నుంచి మెయిల్ వచ్చింది, "మీ టీము గత నెల పెట్టిన మార్పు వల్ల రాత్రి బ్యాచ్ సీపీయూ పెరిగింది, సమాధానం చెప్పండి" అని. మా వాళ్ళందరూ వెంటనే ఆ మార్పుని లైను లైనూ వెతకడం మొదలెట్టారు. క్షమాపణ మెయిల్ డ్రాఫ్టు కూడా రెడీ. మా టీములో పాతికేళ్ళ అనుభవమున్న ఒకన్నయ్య మాత్రం "తమ్ముడూ, ముందు పుస్తకం అడుగు" అన్నాడు. ఆ జాబు టైప్ 30 రికార్డులు మూడు నెలలవి కావాలని అడిగాం. "మీకెందుకు?" అన్నారు. మా జాబు లెక్క మాకెందుకేంటి! నాలుగు మెయిళ్ళయ్యాక ఇచ్చారు.

చూస్తే, సీపీయూ పెరిగిన మాట నిజమే. కానీ దాంతో పాటే డిస్కు దగ్గరికి వెళ్ళిన లెక్క కూడా అదే నిష్పత్తిలో పెరిగింది. అంటే ప్రోగ్రాము చదివే రికార్డులే పెరిగాయి. ఒక్కో రికార్డుకి పడే సీపీయూ మా మార్పుకి ముందూ తర్వాతా ఒకటే. అసలు పెరుగుదల మొదలైంది మా మార్పుకి వారం ముందు, ఇంకో సిస్టమ్ వాళ్ళు తమ ఫైలుని కూడా ఇదే జాబులోకి పంపడం మొదలెట్టిన రోజు. ఒక పేజీ పట్టిక పంపాం. ఆ తర్వాత క్షమాపణ ఎవరూ అడగలేదు, మాకూ ఎవరూ చెప్పలేదు అనుకోండి. కానీ ఇద్దరి కాంట్రాక్టులు మాత్రం నిలబడ్డాయి. ఆ రెండు ఉద్యోగాలు నిలబెట్టింది మేం రాసిన కోడ్ కాదు, మేం చదివిన లెక్క.

అలాగని పుస్తకంలో వుందంతా దైవవాక్కు అనీ అనుకోకూడదు. మా మైలవరం పక్క పల్లెలవాళ్ళకి ఇది బాగా తెలుసు. కృష్ణా జిల్లా (ఇప్పుడు ఎన్టీఆర్ జిల్లా, 2022 నుంచి) అనగానే అందరికీ డెల్టా కాలవలు గుర్తొస్తాయి గానీ, మాది మెట్ట. మాకు ఆశ నాగార్జునసాగర్ ఎడమ కాలవ. 1967లో సాగర్ కాలవలకి నీళ్ళు వదిలారు. మేమున్నది చివర్లో. డ్యాము దగ్గర వదిలిన లెక్క ఒకటి, తోకలో మాకు చేరింది ఇంకొకటి. మధ్యలో ఇంకింది, ఆవిరైంది, మళ్ళించింది ఎవరి ఖాతాలోనూ వుండదు.

మెయిన్‌ఫ్రేమ్‌లోనూ సరిగ్గా ఇదే. మిషను మొత్తం వాడిన సీపీయూ టైప్ 70లో వుంటుంది. ఒక్కో పని వాడినవన్నీ కూడితే అంత రాదు, తక్కువొస్తుంది. ఆపరేటింగ్ సిస్టమ్ తన సొంత పనులకి వాడుకున్న దానిలో కొంత ఎవరి పేరునా రాయదు. ఈ రెండింటి నిష్పత్తినే క్యాప్చర్ రేషియో అంటారు. ఆ మిగిలిన ముక్కని ఎవరి నెత్తిన వెయ్యాలన్నది లెక్క కాదు, రాజకీయం. ఇంకో మంచి గుణం కూడా చెప్పాలి. రాసే చోటు నిండిపోయి కొన్ని రికార్డులు పోతే, ఎస్‌ఎంఎఫ్ టైప్ 7 అని ఒక రికార్డు రాస్తుంది. "ఫలానా సమయం నుంచి ఫలానా సమయం దాకా ఇన్ని రికార్డులు నా దగ్గర లేవు" అని. తన పుస్తకంలో చిరిగిన పేజీల లెక్క తనే చెప్పే కరణాన్ని తాతయ్య చూసి వుండడు.

"మేం మెయిన్‌ఫ్రేమ్ కాదు బాబూ, మాది క్లౌడ్" అంటారా? మీకోసమే ఇదంతా చెప్తున్నది. 1990ల్లో సర్వర్లు చవకయ్యాక మన పరిశ్రమ ఈ లెక్క మర్చిపోయింది. స్లోగా వుందా, ఇంకో బాక్సు పెట్టు. మన ఆపరేటింగ్ సిస్టమ్స్ పాఠంలో ప్రాసెస్ కంట్రోల్ బ్లాక్‌లో ఏమేం వుంటాయో చెప్పే జాబితాలో ఎకౌంటింగ్ ఇన్ఫర్మేషన్ అని ఒక అంశం వుండేది గుర్తుందా? పరీక్షలో దాని గురించి ఎవరూ అడగలేదు, మనమూ చదవలేదు. ఇప్పుడేమైంది? 2014లో వచ్చిన అమెజాన్ లాంబ్డా మొదట 100 మిల్లీసెకన్ల చొప్పున బిల్లు వేసేది, 2020 డిసెంబరు నుంచి 1 మిల్లీసెకను చొప్పున వేస్తోంది. సెకనులో వందో వంతు రాసుకున్న కరణం మనవడు వెయ్యో వంతు రాసుకుంటున్నాడు. అప్పటి అద్దె మీటరే మళ్ళీ తిరుగుతోంది, కాకపోతే మన కళ్ళ ముందు కాదు, ఎక్కడో.

మన తరం తెలుగువాళ్ళం పరాయి ఇళ్ళలో పని బాగా చేస్తామని పేరు తెచ్చుకున్నాం. మంచిదే. కానీ మనం చేసిన పని ఖరీదు ఎంతో రాసే పుస్తకం ఎక్కువగా వేరేవాళ్ళ చేతిలోనే వుండిపోయింది, వుద్యోగాలు తీసేటప్పుడు తిరగేసేదీ ఆ పుస్తకమే. దాన్ని చదవడానికి పెద్ద చదువులేం అక్కర్లేదు. మెయిన్‌ఫ్రేమ్ వాళ్ళయితే రేపు ఆఫీసుకెళ్ళి మీ జాబు టైప్ 30 రికార్డులు అడగండి, ఇవ్వకపోతే ఎందుకివ్వరో అడగండి. ఇంట్లో నేర్చుకోవాలంటే హెర్క్యులిస్ అనే ఎమ్యులేటర్ మీద పాత ఎంవీఎస్ 3.8 మామూలు ల్యాప్‌టాప్‌లో కూడా నడుస్తుంది. ఒక చిన్న జాబు వేసి అవుట్‌పుట్‌లో ఐఈఎఫ్374ఐ అన్న మెసేజి చూడండి. స్టెప్పు ఎంత సీపీయూ తిన్నదీ ఆ లైనులోనే వుంటుంది. క్లౌడ్ వాళ్ళయితే మీ సర్వీసు నెల బిల్లు మీ మేనేజరు కంటే ముందు మీరు చూడండి.